ఉపాధ్యాయుల నడుముకు తుపాకీ: టెక్సస్ బడుల ‘గార్డియన్’ విధానంపై తెలిసినవారి అభిప్రాయం కావాలి

ప్రశ్న: డెంటన్ కౌంటీ తల్లి

అందరికీ నమస్కారం. మేము ఉత్తర టెక్సస్‌లో, డాలస్‌కు కొంత ఎడంగా ఉన్న ఒక చిన్న స్కూల్ డిస్ట్రిక్టులో (కొన్ని ప్రభుత్వ బడులను కలిపి నడిపే స్థానిక విభాగం) ఉంటున్నాము. మా అమ్మాయి నాలుగో తరగతి, అబ్బాయి ఏడో తరగతి చదువుతున్నారు. ఎంపిక చేసిన ఉపాధ్యాయులు, ఇతర సిబ్బంది బడి ఆవరణలో పైకి కనబడకుండా తుపాకీ ధరించడానికి అనుమతించే ‘గార్డియన్’ విధానాన్ని మా స్కూల్ బోర్డు వచ్చే సమావేశంలో చర్చకు పెడుతోంది. ఈ విషయంలో నేను ఇంకా ఏ పక్షానికీ చేరలేదు. చేరే ముందు అనుభవం ఉన్నవారిని అడగాలని ఇది రాస్తున్నాను.

నేపథ్యం తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. 2022 మే 24న యువాల్డేలోని రాబ్ ఎలిమెంటరీ స్కూల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు హతమైన తరువాత, టెక్సస్ శాసనసభ 2023లో హౌస్ బిల్లు 3ను ఆమోదించింది. దాని ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలలోనూ బడి నడిచే వేళల్లో కనీసం ఒక సాయుధ భద్రతాధికారి ఉండి తీరాలి. అందుకోసం రాష్ట్రం 2023లో కేటాయించినది కాంపస్‌కు 15,000 డాలర్లు, దానికి తోడు విద్యార్థికి 10 డాలర్లు. ఆ డబ్బుతో ఒక అధికారికి ఏడాది జీతం ఇవ్వడం మా వంటి డిస్ట్రిక్టుకు సాధ్యమయ్యే పని కాదు. డబ్బు గానీ మనుషులు గానీ దొరకనివారు ఆ కారణం చూపి మినహాయింపు తీసుకుని, బదులుగా తమ సిబ్బందికే తుపాకీ ధరించే అనుమతి ఇవ్వవచ్చునని అదే చట్టం చెబుతోంది. మా బోర్డు ఇప్పుడు ఆ దారి పట్టింది.

ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఈ మాట ఎత్తితే చర్చ వెంటనే ఆలెన్ మాల్ దగ్గరికి వెళ్లిపోతుంది. 2023 మే 6న అక్కడ కాల్పుల్లో చనిపోయిన ఎనిమిది మందిలో హైదరాబాద్ నుంచి వచ్చిన యువ ఇంజనీరు ఒకరున్నారు. ఆ తరువాత మాకు తెలిసినవారిలో కొందరు తుపాకీ కొని లైసెన్సు తీసుకున్నారు, మరికొందరు ఆ దిక్కుకే వెళ్లడం మానేశారు. భయం అందరిదీ ఒకటే అయినా, దాని నుంచి తీసుకున్న నిర్ణయాలు మాత్రం వేరయ్యాయి. బడి విషయంలోనూ అదే జరుగుతోంది.

నేను ముఖ్యంగా తెలుసుకోవాలనుకుంటున్నది ఇది. ఇలాంటి విధానం నిజంగా ప్రాణాలు కాపాడిన దాఖలాలు ఉన్నాయా? ఏ ఉపాధ్యాయుడి దగ్గర తుపాకీ ఉన్నదో తల్లిదండ్రులకు చెప్పరట, అది సబబేనా? బడిలో పనిచేసేవారు దీని గురించి ఏమనుకుంటున్నారు? మేము హెచ్‌1బి మీద ఉన్నాము. ఓటు లేని మాకు బోర్డు ముందు మాట్లాడే అవకాశం ఉంటుందా?

సమాధానం 1: హ్యూస్టన్ సైన్సు టీచరు

అమ్మా, మీ ప్రశ్నల్లో మూడవదానికి నేను సమాధానం చెప్పగలను. చాలా ఏళ్లుగా ఇక్కడి ఒక ప్రభుత్వ హైస్కూల్లో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. మా డిస్ట్రిక్టులో ఈ విధానం లేదు. ఉన్నా నేను ముందుకు వచ్చేదాన్ని కాదు.

ఈ చర్చలో అందరూ ఊహించుకునేది ఒకే ఒక్క క్షణాన్ని. హంతకుడు నడవాలోకి వస్తాడు, ఉపాధ్యాయుడు గురి చూసి కాలుస్తాడు. అటువంటి క్షణం ఒక ఉపాధ్యాయుడి జీవితకాలంలో రాకపోవడమే సర్వసాధారణం. తుపాకీ మాత్రం ప్రతిరోజూ, ప్రతి పీరియడూ ఆ నడుము మీదే ఉంటుంది. నా ల్యాబ్ సంగతే చూడండి. గదిలో ముప్పై మంది పిల్లలుంటారు. నేను ఒక బల్ల దగ్గర వంగి బర్నర్ మంట సరిచేస్తుంటే, వెనుక నుంచి ఇంకొకరు బ్యూరెట్ పట్టుకుని వచ్చి భుజం తడతారు. గంట కొట్టాక నడవాలో నిలబడితే ఆ తోపులాటలో పుస్తకాల సంచులు మనకు రాసుకుంటూ పోతాయి. ఇద్దరు కుర్రాళ్లు కలబడితే పోలీసు వచ్చేలోగా మధ్యలోకి దూరి విడదీసేది మేమే, ఆ కుర్రాళ్లలో చాలామంది నాకంటే ఒక అడుగు పొడవు. చిన్న తరగతులవాళ్లయితే పరుగున వచ్చి నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకుంటారు. ఆ నడుముకు హోల్‌స్టర్ (తుపాకీ ఒర) ఉండటం ఎలా ఉంటుందో ప్రతిపాదించేవారు ఒక్కసారి కిండర్‌గార్టెన్ గదిలో గంటసేపు కూర్చుని ఆలోచించాలి.

నడుము మీద వద్దు, సేఫ్‌లో పెట్టి తాళం వేద్దామంటే అది అవసరానికి అందదు. అవసరానికి అందేలా పెడితే పిల్లలకూ అందుతుంది. ఈ చిక్కుముడిని విప్పిన విధానాన్ని నేను ఇంతవరకు చూడలేదు. 2023 జనవరిలో మన టెక్సస్‌లోనే రైజింగ్ స్టార్ అనే చిన్న ఊరి ఎలిమెంటరీ స్కూల్లో, ఇటువంటి అనుమతితోనే తుపాకీ ధరించే సూపరింటెండెంటు దాన్ని మరుగుదొడ్డిలో మరచిపోగా అది మూడో తరగతి విద్యార్థి కంటపడింది. ఆయన ఆ తరువాత రాజీనామా చేశారు. 2014లో యూటాలో ఒక ఉపాధ్యాయురాలి తుపాకీ సిబ్బంది మరుగుదొడ్డిలో పేలి ఆమెకే గాయమైంది. 2018లో కాలిఫోర్నియాలోని సీసైడ్‌లో, రిజర్వు పోలీసు అధికారి కూడా అయిన ఒక ఉపాధ్యాయుడు తుపాకీ భద్రత గురించి పాఠం చెబుతుండగానే అది పైకప్పులోకి పేలింది, ఒక విద్యార్థికి గాయమైంది. వీరెవరూ దుర్మార్గులు కారు, శిక్షణ లేనివారు కూడా కారు. మనిషి అన్నాక ఏదో ఒకరోజు ఏమరుపాటు పడతాడు, అంతే.

ఇక లాక్‌డౌన్, అంటే దాడి జరిగినప్పుడు తలుపులు మూసుకుని గదుల్లోనే ఉండిపోవడం, దాని విషయం. మాకు నేర్పేది మూడు పనులు. తలుపుకు తాళం వేయాలి, దీపాలు ఆర్పాలి, కిటికీలో నుంచి కనబడని మూలకు పిల్లలను చేర్చాలి. ఆ చీకట్లో గుసగుసగా పేర్లు లెక్కపెట్టుకోవడం, ఏడ్చేవారి నోరు మెల్లగా మూయడం, ఫోన్లు ఆపించడం నా పని. తుపాకీ ఉన్న టీచరు ఆ సమయంలో గది వదిలి హంతకుడిని వెతుక్కుంటూ వెళితే పిల్లల దగ్గర ఎవరుంటారు? గదిలోనే ఉంటే, ఆ తుపాకీ తలుపుకు ఉన్న మంచి తాళం కంటే ఎంత ఎక్కువ ఉపయోగం? యువాల్డేలో 111వ నంబరు గది తాళం సరిగా పడదని ముందు నుంచీ తెలుసునని టెక్సస్ శాసనసభ విచారణ సంఘం తన నివేదికలో రాసింది. తాళం బాగుచేయించడానికి ఎవరి తరఫునా వాదన అవసరం లేదు, అయినా అది జరగలేదు.

పోలీసులు లోపలికి వచ్చాక వారికి కనబడేది చేతిలో తుపాకీ ఉన్న ఒక మనిషి. 2021లో కొలరాడోలోని అర్వాడాలో ఒక పౌరుడు హంతకుడిని కాల్చి నిలువరించాడు. ఆయనను హంతకుడిగా పొరబడి పోలీసులు కాల్చి చంపారు. 2019లో అదే రాష్ట్రంలోని హైలాండ్స్ రాంచ్ పాఠశాలలో కాల్పులు జరిగినప్పుడు ప్రైవేటు భద్రతా ఉద్యోగి ఒకరు వచ్చిన పోలీసునే హంతకుడనుకుని కాల్చగా, తూటా ఒక విద్యార్థికి తగిలింది.

చివరగా ఒక మాట. కాల్చేవాడు బయటి నుంచి వచ్చే అపరిచితుడని అనుకుంటాము కానీ, తరచుగా అతడు ఆ బడి విద్యార్థే, లేదా నిన్నమొన్నటి విద్యార్థి. 2023 జనవరిలో వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో ఒకటో తరగతి టీచరును కాల్చినవాడి వయసు ఆరేళ్లు. ఆమె దగ్గర తుపాకీ ఉండి ఉంటే ఏం చేసేదని కోరుకుంటాము? నా క్లాసులో మూడో వరుసలో కూర్చునే పిల్లవాడిని కాల్చగలనా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. జవాబు రాలేదు. రాండ్ అనే పరిశోధన సంస్థ 2023లో ప్రచురించిన సర్వేలో 54 శాతం ఉపాధ్యాయులు దీనివల్ల బడి భద్రత తగ్గుతుందని, 20 శాతం పెరుగుతుందని చెప్పారు. అయితే అదే సర్వేలో సుమారు ఐదుగురిలో ఒకరు అనుమతిస్తే తాము తుపాకీ తెస్తామన్నారు. కాబట్టి ఉపాధ్యాయులందరిదీ నా మాటే అని చెప్పను.

సమాధానం 2: ఒహాయో డాక్టరు

టీచరు గారు చెప్పిన సంఘటనలన్నీ నిజమే. కానీ ఆమె పనిచేసేది హ్యూస్టన్‌లో. పోలీసు ఎంత దూరంలో ఉన్నాడన్నది ఈ చర్చలో అసలు ప్రశ్న, నగరాల్లో ఉండేవారికి అది ప్రశ్నగానే తోచదు.

నేను నెల్లూరు జిల్లా నుంచి వచ్చి గ్రామీణ ఒహాయోలో వైద్యం చేస్తున్నాను. చుట్టూ మొక్కజొన్న పొలాలే. మా ఊరికి సొంత పోలీసు స్టేషను లేదు, షెరీఫ్ మనుషులు, అంటే కౌంటీ పోలీసులు, కౌంటీ అవతలి అంచున ఉంటే రావడానికి పట్టే సమయంలో ఏమేమి జరగవచ్చునో ఎమర్జెన్సీ గదిలో పనిచేసినవాడిగా నాకు తెలుసు. తూటా తగిలిన పిల్లవాడికి నిమిషాలే లెక్క. టెక్సస్‌లో ఈ పద్ధతిని 2007లోనే మొదలుపెట్టిన హారొల్డ్ డిస్ట్రిక్టు కూడా ఇటువంటిదే. ఊరంతటికీ ఒకే బడి, దానిలో వందమంది పిల్లలు, చట్టాన్ని కాపాడేవారు మరో ఊళ్లో. అక్కడివారిని ‘పోలీసుల కోసం ఆగండి’ అనడం నాకు ధర్మంగా అనిపించదు.

పోలీసులు వచ్చినంత మాత్రాన రక్షణ దొరుకుతుందనే నమ్మకాన్ని యువాల్డే పూర్తిగా పోగొట్టింది. 376 మంది అధికారులు చేరుకున్నారు, హంతకుడిని నిలువరించడానికి 77 నిమిషాలు పట్టింది. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లండ్ హైస్కూల్లో కాల్పులకు 17 మంది చనిపోతున్నప్పుడు బడికి నియమించిన సాయుధ అధికారి భవనం బయటే ఉండిపోయాడు. జీతం తీసుకునే మనిషి లోపలికి వెళతాడో లేదో తెలియదు. తన తరగతి గదిలోని పిల్లల కోసం ఉపాధ్యాయుడు నిలబడతాడనడానికి మాత్రం నిదర్శనాలు చాలా ఉన్నాయి. పార్క్‌లండ్‌లోనే ఫుట్‌బాల్ కోచ్ ఆరన్ ఫీస్ విద్యార్థులకు అడ్డుగా నిలబడి ప్రాణాలు వదిలాడు. ఆయన దగ్గర ఉన్నవి ఉత్త చేతులు. ఫ్లోరిడా తన గార్డియన్ పథకానికి ఆయన పేరే పెట్టింది.

దాఖలాలు అడిగారు కదా, 1997లో మిసిసిపీలోని పర్ల్ హైస్కూల్లో అసిస్టెంట్ ప్రిన్సిపాల్ జోయెల్ మైరిక్ తన ట్రక్కులో ఉన్న పిస్తోలు తెచ్చి, పారిపోతున్న హంతకుడిని పోలీసులు వచ్చేవరకు పట్టి ఉంచాడు. అప్పటికే ఇద్దరు విద్యార్థినులు చనిపోయారు. ఆ పిస్తోలు పార్కింగులో కాకుండా ఆయన దగ్గరే ఉండి ఉంటే ఆ ఇద్దరూ బతికేవారేమో అని నేను అనుకుంటాను. యూటాలో లైసెన్సు ఉన్న ఉపాధ్యాయులు ఎన్నో ఏళ్లుగా తుపాకీ ధరిస్తున్నారు. అక్కడ ఏదైనా ఘోరం జరిగి ఉంటే అది ఈపాటికి ప్రతి వాదనలోనూ వినబడేది. వినబడుతున్నది టీచరు గారు చెప్పిన సంఘటనలో ఒక పగిలిన కమోడు, ఒక కాలి గాయం.

మా రాష్ట్రం చేసినది మాత్రం నాకు నచ్చలేదు. పోలీసు శిక్షణ గానీ పోలీసుగా 20 ఏళ్ల అనుభవం గానీ లేనిదే బడిలో తుపాకీ ధరించరాదని 2021లో ఒహాయో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పోలీసు శిక్షణ అంటే 700 గంటలకు పైమాట. ఆ తీర్పును దాటడానికి 2022లో చేసిన చట్టం దానిని 24 గంటలకు దించేసింది. నేను ఒక ఆపరేషన్ చేయడానికి ఎన్నేళ్లు నేర్చుకున్నానో తలుచుకుంటే ఇది హాస్యాస్పదంగా ఉంటుంది. ఫ్లోరిడాలో 144 గంటలు, మానసిక పరీక్ష, షెరీఫ్ పర్యవేక్షణ ఉన్నాయి. టెక్సస్‌లో కూడా ‘స్కూల్ మార్షల్’ అనే మరో తోవ ఉంది, దానికి 80 గంటల శిక్షణ, మానసిక పరీక్ష తప్పనిసరి. అమ్మా, మీ బోర్డు గార్డియన్‌ను కాక మార్షల్‌ను ఎందుకు ఎంచుకోలేదో అడగండి.

పేర్లు చెప్పకపోవడం గురించి నాకు అభ్యంతరం లేదు. చెబితే హంతకుడు మొదట ఆ గదికే వెళతాడు.

సమాధానం 3: అయోవా బీమా ఉద్యోగి

వాదన కోసం కాదు, నా వృత్తిలో కనబడిన ఒక కోణం చెబుతాను. తుపాకీల విషయంలో ఏ రాజకీయ పక్షానికీ చెందని ఒక వర్గం ఈ దేశంలో ఉంది, అది బీమా కంపెనీలు. అవి ప్రమాదాన్ని డబ్బుగా లెక్కగడతాయి, అంతకుమించి వాటికి సిద్ధాంతం లేదు. కాన్సస్ 2013లో సిబ్బందికి తుపాకీ అనుమతించే చట్టం చేసినప్పుడు, అక్కడి స్కూల్ డిస్ట్రిక్టుల్లో అత్యధికం బీమా చేయించుకున్న ఈఎంసీ సంస్థ, సాయుధ సిబ్బంది ఉన్న బడులకు బీమా ఇవ్వబోమని చెప్పేసింది. పదేళ్ల తరువాత మా అయోవాలో స్పిరిట్ లేక్, చెరొకీ డిస్ట్రిక్టులు ఇటువంటి విధానాన్నే ఆమోదించి, బీమా పోతుందని తెలిసి వెనక్కు తీసుకున్నాయి. 2024 జనవరిలో పెర్రీ హైస్కూల్లో కాల్పులు జరిగాక రాష్ట్రం కొత్త చట్టం చేసి, అనుమతి పొందిన సిబ్బందికీ డిస్ట్రిక్టులకూ దావాల నుంచి కొంత రక్షణ కల్పించింది. అంటే ప్రమాదం తగ్గలేదు, దాని ఖర్చు ఎవరు భరించాలన్నది మారింది. గాయపడిన పిల్లవాడి కుటుంబానికి పరిహారం దొరికే దారి ఆ మేరకు ఇరుకైంది. మీ డిస్ట్రిక్టు బీమా ఎవరి దగ్గర ఉందో, ఈ విధానం వస్తే ప్రీమియం ఎంత అవుతుందో బోర్డు రాతపూర్వకంగా చెప్పాలని కోరండి.

మీరు అడిగిన దాఖలాల విషయానికి వస్తే, డాక్టరు గారు చెప్పినటువంటి సంఘటనలు నిజమే అయినా అవి వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. ఉపాధ్యాయులను సాయుధులను చేయడం వల్ల ఏం జరుగుతుందో తేల్చిచెప్పే నాణ్యమైన అధ్యయనం ఏదీ లేదని తుపాకీ విధానాల మీద రాండ్ చేస్తున్న సమీక్ష చెబుతోంది. దగ్గరగా ఉన్నది సాయుధ గార్డుల మీద జరిగిన పరిశోధన. 1980 నుంచి 2019 వరకు జరిగిన 133 బడి కాల్పుల సంఘటనలను పరిశీలించి 2021లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన ఆ వ్యాసం ప్రకారం, సాయుధ గార్డు ఉన్న బడుల్లో మరణాల రేటు లేనిచోట్ల కంటే 2.83 రెట్లు ఎక్కువ. గార్డు ఉండటమే మరణాలకు కారణమని దీనికి అర్థం కాదు. పెద్ద ఆయుధంతో, చావడానికే సిద్ధపడి వచ్చేవాడు గార్డును చూసి వెనుదిరగడని మాత్రం అర్థం చేసుకోవచ్చు. ఇక గురి సంగతి. న్యూయార్క్ పోలీసుల మీద రాండ్ 2008లో ఇచ్చిన నివేదికలో, ఎదుటివాడు కూడా కాలుస్తున్నప్పుడు పోలీసు తూటాల్లో లక్ష్యాన్ని తాకినవి 18 శాతమే అని తేలింది. అది వృత్తిగా చేసేవారి లెక్క. మిగిలిన 82 శాతం తూటాలు పిల్లలతో నిండిన నడవాలో ఎక్కడికి వెళతాయో ఊహించుకోవచ్చు.

కానీ నాకు మరింత ముఖ్యంగా కనబడేది వేరే లెక్క. అమెరికా సీక్రెట్ సర్వీసు 2008 నుంచి 2017 వరకు బడుల్లో జరిగిన 41 దాడులను విశ్లేషించి 2019లో నివేదిక ఇచ్చింది. తుపాకీ వాడినవారిలో నాలుగింట మూడు వంతుల మందికి అది దొరికింది తల్లిదండ్రుల ఇంట్లోనో దగ్గరి బంధువుల ఇంట్లోనో. వాటిలో చాలావాటికి సరైన తాళం లేదు. దాడి చేసిన ప్రతి ఒక్కరిలోనూ అంతకుముందే ఆందోళన కలిగించే ప్రవర్తన కనబడింది. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూలు సంగతి చూడండి. 2021 నవంబరు 30 ఉదయం ఆ కుర్రాడు గీసిన బొమ్మ చూసి భయపడి బడివారు తల్లిదండ్రులను పిలిపించారు. వారు అతడిని ఇంటికి తీసుకువెళ్లలేదు, కొద్దిరోజుల కిందటే తండ్రి కొన్న తుపాకీ గురించి చెప్పలేదు, సంచి ఎవరూ వెతకలేదు. ఆ మధ్యాహ్నమే అతడు జరిపిన కాల్పులకు నలుగురు విద్యార్థులు బలయ్యారు. 2024లో ఆ తల్లిదండ్రులిద్దరికీ పది నుంచి పదిహేనేళ్ల చొప్పున జైలుశిక్ష పడింది. ఆ ఉదయం అదే గదిలో తుపాకీ ఉన్న ఉపాధ్యాయులు పదిమంది కూర్చుని ఉన్నా చేయగలిగింది ఏమీ లేదు. ఒక్కరు సంచి తెరిచి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఇంట్లో బీరువాకు తాళం వేయించకుండా, బడిలో టీచరుకు తుపాకీ ఇవ్వడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని నా అభిప్రాయం. మన తెలుగు ఇళ్లలో కూడా ఇప్పుడు తుపాకీలు చేరుతున్నాయి కనుక ఇది మనకూ వర్తిస్తుంది. తూటాలు నింపిన తుపాకీని జాగ్రత్త చేయకుండా వదిలేసి, అది పదిహేడేళ్లు నిండని పిల్లల చేతికి చిక్కితే టెక్సస్‌లో నేరం అని కొన్నవారందరికీ తెలుసో లేదో.

సమాధానం 4: రాజమహేంద్రవరం విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

అమెరికా సంగతులు నాకు మా మనవల ద్వారా తెలిసినంతే. అయితే ఈ ప్రయోగం మన పొరుగునే జరిగిందని ఎవరూ ప్రస్తావించలేదు. 2014 డిసెంబరు 16న పెషావర్ ఆర్మీ పబ్లిక్ స్కూలు మీద ఉగ్రవాదులు దాడి చేసి 140 మందికి పైగా చంపారు, వారిలో అత్యధికులు పిల్లలు. ఆ తరువాతి నెలలోనే ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా ప్రభుత్వం ఉపాధ్యాయులు తుపాకీ తెచ్చుకోవచ్చునని అనుమతించింది. అక్కడి ఉపాధ్యాయ సంఘాలు మా పని పాఠం చెప్పడమని అభ్యంతరం తెలిపాయి. అదే ఏడాది స్వాత్‌లో ఒక ఉపాధ్యాయుడి తుపాకీ పొరపాటున పేలి విద్యార్థి మరణించాడు. 2016 జనవరిలో చార్‌సద్దాలోని బాచా ఖాన్ విశ్వవిద్యాలయం మీద దాడి జరిగినప్పుడు రసాయనశాస్త్ర అధ్యాపకుడు సయ్యద్ హామిద్ హుసేన్ తన పిస్తోలుతో ఎదురు కాల్చి, విద్యార్థులు తప్పించుకోవడానికి సమయం ఇచ్చి, తాను నేలకొరిగాడు. ఈ రెండు మరణాలనూ పక్కపక్కన పెట్టి చూసినా నాకు తక్కెడ ఏ వైపుకూ మొగ్గలేదు. కానీ ఒక్క సంగతి గమనించాను. అక్కడ ఎదురైనది బయటి నుంచి దండెత్తి వచ్చిన సాయుధ మూక. మీ దేశంలో ఎదురవుతున్నది ఆ బడి పిల్లవాడే. ఆ రెండింటికీ ఒకే మందు ఎలా పనిచేస్తుందో నాకు బోధపడలేదు.

మరొకటి. విద్యాహక్కు చట్టం ప్రకారం మా దగ్గర బడిలో పిల్లలను కొట్టడం నిషిద్ధం. బెత్తం బల్ల మీద కనబడితేనే కొందరు పిల్లలు నోరు విప్పేవారు కాదని నాకు అనుభవం. ‘సార్ దగ్గర తుపాకీ ఉందట’ అనే గుసగుస ఒకసారి బయలుదేరాక, తన స్నేహితుడు ఏదో చేయబోతున్నాడని చెప్పడానికి ఏ పిల్లవాడు ఆ సార్ దగ్గరికి వస్తాడు? బీమా ఉద్యోగి గారు చెప్పిన ముందస్తు సూచనలన్నీ పెద్దల చెవిన పడేది అలాగే కదా.

సమాధానం 5: డెంటన్ కౌంటీ తల్లి

మాస్టారు గారికి, మిగిలినవారికి కృతజ్ఞతలు. డాక్టరు గారు చెప్పిన దూరం వాదన మాకు వర్తించదని ఇది చదువుతుండగా అర్థమైంది. మా బడికి పోలీసులు కొద్ది నిమిషాల్లో రాగలరు. మా బోర్డు సమస్య దూరం కాదు, జీతం డబ్బు. అలాంటప్పుడు రెండు బడుల మధ్య ఒక అధికారిని పంచుకోవడం, కౌంటీతో ఒప్పందం చేసుకోవడం వంటివి పరిశీలించారా లేదా అన్నది నా మొదటి ప్రశ్న అవుతుంది. మా పిల్లల టీచర్లలో ఒకరు భారతదేశం నుంచి వీసా మీద వచ్చినవారు. అలాంటివారిని కూడా ఎంపిక చేయవచ్చా? సమావేశంలో మాట్లాడే విషయం కూడా ఎవరూ చెప్పలేదు.

సమాధానం 6: హ్యూస్టన్ సైన్సు టీచరు

పౌరసత్వం లేకపోయినా మాట్లాడవచ్చునమ్మా. బోర్డు సమావేశంలో ప్రజలు మాట్లాడటానికి సమయం కేటాయిస్తారు, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, మనిషికి కొద్ది నిమిషాలే ఇస్తారు. అజెండాలో ఆ అంశం సంఖ్య చూసుకుని, దాని మీదే మాట్లాడతానని రాయండి. భద్రతా ఏర్పాట్ల వివరాలను బోర్డు తలుపులు మూసుకుని చర్చించడానికి టెక్సస్ చట్టం అనుమతిస్తుంది. కాబట్టి ‘ఎవరి దగ్గర ఉంది’ అని అడిగితే జవాబు రాదు. శిక్షణ ఎన్ని గంటలు, ఏటా మళ్లీ పరీక్ష ఉందా, తుపాకీ ఒంటి మీదే ఉండాలా లేక సంచిలో, సొరుగులో పెట్టవచ్చా, పోగొట్టుకుంటే తల్లిదండ్రులకు తెలియజేస్తారా అని అడిగితే తప్పించుకోవడం కష్టం. ఒక్కరే అన్నీ అడగలేరు కనుక నలుగురు తల్లులు పంచుకోండి.

వీసా గురించి: హెచ్‌1బి, జె1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవారి సంగతి వేరు. మీ ఇంట్లో ఎవరైనా కొనాలనుకుంటే కూడా ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగమనండి. ఇది చిన్న తప్పు కాదు, దేశం నుంచి పంపించివేసేంత దూరం వెళుతుంది.

సమాధానం 7: ఒహాయో డాక్టరు

పోలీసులు కొద్ది నిమిషాల్లో వచ్చే చోట నేను కూడా మొదట ఈ విధానాన్ని కోరను, తాళాలూ ఒక పూర్తికాలపు అధికారీ కోరతాను. మా ఊరి విషయంలో నా మాట మారలేదు. మాస్టారు గారి చివరి ప్రశ్నకు మాత్రం నా దగ్గర సమాధానం లేదు. మా డిస్ట్రిక్టులో తుపాకీ ధరించే సిబ్బందిలో తరగతి ఉపాధ్యాయులను తప్పించి ఆఫీసు, మరమ్మతుల విభాగం వారినే తీసుకోవాలని ప్రతిపాదిస్తే ఎలా ఉంటుందో మా బోర్డులో ఒకరిని అడిగాను. ఫ్లోరిడా కూడా 2018లో మొదట అలాగే చేసింది, పూర్తికాలం పాఠం చెప్పేవారిని మినహాయించింది, 2019లో వారినీ చేర్చింది. ఎందుకు మార్చుకోవలసి వచ్చిందో వివరంగా తెలిసినవారు ఎవరైనా ఉంటే రాయండి.